కాగితం మీద హైదరాబాద్

ఆ సోమవారం పొద్దున మేడ్చల్ షెడ్డులో ఉన్నవి ఇవి. కోడిగుడ్లు పన్నెండు వందలు, పొదగడానికి పెట్టి పదిహేడో రోజు. వాటిని పొదుగుతున్న పెద్ద యంత్రం ఒకటి. చివరి మూడు రోజులు గుడ్లను మార్చి ఉంచే చిన్న యంత్రాలు రెండు. కొత్తగా రంగు వేసిన గేటు. అద్దెకు తెచ్చిన కుర్చీలు నాలుగు. కూల్‌డ్రింకులు ఒక కేసు. మనుషుల్లో యజమాని, ఫిట్టరు, ఇద్దరు వెల్డర్లు, నేను. రావాల్సిన అతిథి మాత్రం లేడు.

అతిథిది కరాచీ. అక్కడ ఆయనకు కోళ్ల ఫారాలున్నాయి. చుట్టుపక్కల చిన్న రైతులకు పొదిగే యంత్రాలు అమ్మాలని ఆయన ఆలోచన. ఏడాదిగా ఆయనకూ మాకూ మధ్య ఫ్యాక్సులు నడిచాయి. నలభై యంత్రాలు కావాలన్నాడు, ఒక్క షరతు మీద. మా యంత్రంలో గుడ్లు పగిలి పిల్లలు బయటికి రావడం తన కళ్లతో చూడాలి. చూసి, ఎన్నింటికి ఎన్ని వచ్చాయో రాసుకుని తన భాగస్వాములకు చూపించాలి.

కోడిగుడ్డు పొదగడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. ఆయనకు ఇచ్చిన వీసా పదిహేను రోజులు. అందుకని ఆయన ప్రయాణం తేదీ తెలియగానే వెనక్కి లెక్కగట్టి, ఆయన బయల్దేరకముందే గుడ్లు పెట్టించాను. శుక్రవారం పొద్దున పిల్లలు రావాలి.

తొమ్మిదింటికి నగరం నుంచి అతిథి ఫోన్ చేశాడు. యజమాని ఉర్దూలో రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు.

"ఏమన్నడు పటేలా?" అని ఫిట్టరు అడిగాడు.

"రానిస్తలేరంట."

"ఎవరు? వాళ్ల సర్కారా?"

"మనదే."

ఆ నలభై యంత్రాల ఆర్డరు మీద యజమానికి ఏం ఆధారపడి ఉందో ఇక్కడ చెప్పాలి. మెయిన్ రోడ్డుకు ఆనుకుని ఉన్న రెండెకరాలు ఆయనవీ, ఆయన అన్నవీ. కాగితాల్లో పంపకం కాలేదు. తొంభైల మధ్యలో ఆయన అందులో షెడ్డు వేసి పొదిగే యంత్రాలు చేయడం మొదలుపెట్టాడు. శామీర్‌పేట, దేవరయాంజాల్ వైపు కోళ్లు పెంచే చిన్న రైతులు వాటిని కొనేవాళ్లు. తర్వాత పెద్ద కంపెనీలు వచ్చాయి. పిల్లలను వాళ్లే ఇస్తారు, దాణా వాళ్లే ఇస్తారు, పెంచిన కోళ్లను వాళ్లే తీసుకుపోతారు. రైతుకు ఇక గుడ్డు పొదిగే పని లేదు. నేను పాలిటెక్నిక్ అయ్యాక అక్కడ చేరేనాటికి ఏడాదికి పది యంత్రాలు పోవడం కష్టమైంది. మా చుట్టూ అన్నీ ప్లాట్లవుతున్నాయి. అన్న ఆ వ్యాపారంలోనే ఉన్నాడు. ఉగాది దాకా గడువు పెట్టాడు. ఈలోగా కరాచీ ఆర్డరు వస్తే షెడ్డు ఉంటుంది, రాకపోతే తమ్ముడు లేఔటుకు సంతకం పెట్టాలి.

ఆ రోజుల్లో పేపర్లలో తరచూ ఒక వార్త వచ్చేది. ఏడు పొరుగు దేశాలు సుంకాలు తగ్గించుకుంటాయని, ముందు ముందు అన్నీ కలిసి ఒకే సంత అవుతాయని, ఎప్పటికో ఒకే నాణెం కూడా రావచ్చని. నేను వాటిని కత్తిరించి తేదీల వారీగా ఫైల్లో అంటించాను. యజమాని మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ ఫైలు అడిగి తీసుకుని చదివేవాడు. కొన్నింటిని రెండోసారి కూడా చదివేవాడు.

ఆ ఫోన్ రాగానే యజమాని, నేను బస్సెక్కి నగరానికి పోయాం. విదేశీయులు పేరు నమోదు చేసుకునే పోలీసు ఆఫీసు వరండాలో అతిథి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన సన్నటి మనిషి, చేతిలో గళ్ల నోటుబుక్కు. పరిచయాలు అక్కడే అయ్యాయి. బల్ల ముందున్న గుమాస్తా పాస్‌పోర్టు నా వైపు తిప్పాడు.

"వీసా మీద ఊరు పేరు ఏమున్నది? చదువు."

"హైదరాబాద్ సార్."

"మీ షెడ్డు ఏడున్నది?"

"మేడ్చల్‌ల."

"మేడ్చల్ ఏ జిల్లా?"

"రంగారెడ్డి."

"మరి పిలిచిన ఉత్తరం మీద హైదరాబాద్ అని రాసినవేంది?"

ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. మా లెటర్‌హెడ్ మీద మేడ్చల్ రోడ్, హైదరాబాద్ అని ఉంటుంది. మా పక్క షెడ్డుది కూడా అంతే, ఎదురుగా ఉన్న కల్యాణ మండపానిదీ అంతే. మా వైపు ఎవరూ కాగితం మీద రంగారెడ్డి జిల్లా అని రాయరు. అలా రాస్తే గిరాకీలు మమ్మల్ని పల్లెటూరి వాళ్లనుకుంటారని భయం. పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లకు వీసా దేశానికంతటికీ ఇవ్వరని, ఊరు పేరు రాసి ఆ ఊరికే ఇస్తారని నాకు తెలుసు. ఆ ఊరు పేరు నేను పంపిన ఉత్తరంలోంచి తీసుకుంటారన్నది ఆలోచించలేదు.

"అందరం గట్లనే రాస్తం సార్," అన్నాను.

"నీ ఇల్లేడ?"

"గాజులరామారం."

"ఇయ్యాల ఇంట్లకెళ్లి ఎల్లేటప్పుడు ఏం చెప్పొచ్చినవ్?"

"పట్నం పోయొస్త అని."

"సూడు మరి. పట్నం వేరే అని నీ నోటికి ఎర్కనే. కాగితానికే తెల్వదు."

యజమాని ముందుకు వచ్చాడు. "సార్, ఒక్క పూట. నేనే తీస్కపోయి నేనే తీస్కొస్త. పొరపాటు మాదే."

"నేను కాదంటున్ననా పటేలా? బోయిన్‌పల్లి తగలంగనే కంటోన్మెంటు, మిలిట్రీ జాగ. గీ పాస్‌పోర్టుతోని అండ్ల దొరికితే ముందుగాల ఆయన లోపటికి పోతడు, ఆయన ఎనక నేను ఇంటికి పోత. ఊరు పేరు కలపాల్నంటే ఇస్లామాబాద్‌ల మన ఎంబసీనే అడగాలె."

అతిథి నెమ్మదిగా ఏమన్నాడని అడిగాడు. యజమాని చెప్పాడు. ఆయన నవ్వాడు. తమ దగ్గరా ఇదే పద్ధతని, మా దేశం నుంచి కరాచీ వీసా మీద వచ్చినవాడిని ఊరు పొలిమేర దాటనివ్వరని చెప్పాడు. "మిగతావాటి సంగతి తెలియదు గానీ, ఈ ఒక్కదాంట్లో రెండు దేశాలూ ఎప్పుడో ఒకటైపోయాయి భాయీ," అన్నాడు. గుమాస్తా కూడా నవ్వి, పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడు.

మేడ్చల్‌కు తిరిగి వచ్చే బస్సు సుచిత్ర చౌరస్తా దాటింది. అప్పుడు యజమాని అన్నాడు, "ఆయన మన దగ్గరికి రాలేడు. మిషిన్‌కు వీసా అక్కెర్లేదు గద?"

అక్కర్లేదు. నేను కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. గుడ్లు పెద్ద యంత్రంలోంచి చిన్నదాంట్లోకి మార్చేది పద్దెనిమిదో రోజే, అంటే మర్నాడే. ఒక్కో చిన్న యంత్రంలో ఆరు వందల గుడ్లు పడతాయి. ఒకటి ఇక్కడే ఉంచి, రెండోది గుడ్లతో సహా నగరంలోకి తీసుకుపోవచ్చు. యజమానికి తెలిసిన కోళ్ల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయనకు ముషీరాబాద్‌లో గోదాం ఉంది. అది హైదరాబాద్ జిల్లాయే. ఈసారి నేను రెండుసార్లు కనుక్కున్నాను.

మంగళవారం పొద్దున డీసీఎం వ్యాన్‌లో ఎక్కించినవి: చిన్న యంత్రం ఒకటి, ఆరు వందల గుడ్లు, దూది పరుపులు ఆరు, థర్మామీటర్లు మూడు, చక్రాల మీది చిన్న జనరేటరు. అల్వాల్ చర్చి నుంచి ఫిట్టరు తెచ్చిన, కింద పరిచే రెండు జంఖానాలు గుడ్ల ట్రేల మీద కప్పాం. ఆయన జంఖానా అంచులు దోపుతూ అన్నాడు, "బాలయేసును ఎత్తుకొని మరియమ్మ, యోసేపు ఐగుప్తుకు ఉరికిన్రు. గప్పుడు గీ గుమాస్తా ఉండుంటే, ఏ జిల్లా అని అడిగి బేత్లెహేముకే మర్లగొడ్తుండె."

"నువ్వు జర సైలెంట్ ఉండు, గుడ్లు అదురుతయ్," అన్నాడు యజమాని.

అప్పుడే పెద్దపటేల్ వచ్చాడు. యజమాని అన్నను మేమందరం అలాగే పిలిచేవాళ్లం. మోటార్‌సైకిల్ దిగకుండానే వ్యాన్‌ను చూశాడు.

"ఏం తమ్మీ, సంసారం లేవట్టినవా?"

"గుడ్లే అన్న. పట్నం తీస్కపోతున్నం. ఆయన ఈడికి రాలేడంట."

"ఎందుకు రాలేడు? ఏడు దేశాలు ఒక్క బజారైతదని పేపర్ల చదివి చెప్తివి గద."

"అయితది. కొద్దిగ టైం వడ్తది."

"మనిద్దరం ఒక్క అవ్వ కడుపున పుట్టినం. గీ రెండెకరాల గట్టు కాడ ఒక్క మాట మీదికి రానీకె పదేండ్లాయె. దేశాలు కలుస్తయారా?"

యజమాని వ్యాన్ వెనక తలుపు మూసి గొళ్లెం పెట్టాడు.

ఇరవై ఎనిమిది కిలోమీటర్లకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొంపల్లి దగ్గర గుంతలు ఎక్కువ. నేను ట్రేల మధ్య కూర్చుని పావుగంటకోసారి వేడి రాసుకున్నాను. తొంభై ఏడు ఫారన్‌హీట్ కంటే తగ్గలేదు. గోదాంలో యంత్రాన్ని నిలబెట్టి కరెంటు కలిపాక గంటలో తొంభై తొమ్మిదికి వచ్చింది. ఇది మామూలే.

బుధ, గురువారాలు అతిథి పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండేవాడు. ఖాళీ కోళ్ల బుట్ట బోర్లించి దాని మీద కూర్చునేవాడు. నాలాగే గంటకోసారి లేచి రాసుకునేవాడు. ఒకసారి మా నోటుబుక్కులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. గళ్లు అవే. సమయం, పొడి థర్మామీటరు, తడి థర్మామీటరు, వోల్టేజీ. ఆయన కుడి నుంచి ఎడమకు గీసుకున్నాడు కాబట్టి ఆయన మొదటి గడి నా చివరి గడి. నా అంకెల్లో ఒకచోట అర డిగ్రీ తేడా ఉంటే వేలితో చూపించాడు. నేనే తప్పు రాశాను. సరిదిద్దుకున్నాను. నా జీవితంలో ఎవరితోనైనా పని చేయడం ఇంత తేలికగా అనిపించింది ఆ రెండు రోజులే.

ఫిట్టరు మాట్లాడే దక్కనీ ఉర్దూకు అతిథి మురిసిపోయేవాడు. "హౌ" అంటే అవునని, "నక్కో" అంటే వద్దని నేర్చుకుని, చాయ్ తెచ్చినప్పుడల్లా "నక్కో, నక్కో" అంటూ తాగేవాడు.

"నక్కో అనుకుంట మూడు కప్పులు తాగిండు. హౌ అంటే ఏమైతుండెనో," అని ఫిట్టరు నాతో అన్నాడు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి వోల్టేజీ పడిపోవడం మొదలైంది. రెండు వందల పది, నూట తొంభై, నూట అరవై అయిదు. చుట్టుపక్కల కోళ్ల వ్యాపారుల పెద్ద ఫ్రిజ్‌లన్నీ ఆ లైను మీదే ఉన్నాయి. యంత్రంలో ఫ్యాను నెమ్మదించింది. వేడి గాలి పైన నిలిచిపోయింది. వేడిని కొలిచే తీగ నేను మధ్య ట్రే దగ్గర ఒక్కచోటే పెట్టాను. మేడ్చల్‌లో ఎప్పుడూ అది సరిపోయేది. మీటరు మీద నూరే ఉంది. మూడింటికి అతిథి లేచి, పై ట్రే పక్కన చెయ్యి పెట్టి నా వైపు తిరిగాడు.

"పైన కాలుతోంది," అన్నాడు ఉర్దూలో.

పై ట్రేలో థర్మామీటరు పెట్టి చూస్తే నూట నాలుగు. తలుపు తీశాం, జనరేటరు ఆన్ చేశాం. నలభై నిమిషాల్లో అంతా సర్దుకుంది. కానీ అప్పటికే కొన్ని గుడ్లలో పిల్లలు లోపలి నుంచి పెంకును పొడవడం మొదలుపెట్టాయి. ఆ దశలో అంతసేపు అంత వేడి చాలా ఎక్కువ.

శుక్రవారం పొద్దున లెక్కపెట్టాం. ఆయన ఒక వైపు నుంచి, నేను ఒక వైపు నుంచి. కింది నాలుగు ట్రేల్లో పిల్లలు తడి ఆరి పసుపు ముద్దల్లా తిరుగుతున్నాయి. పై రెండింటిలో చాలా గుడ్లకు చిన్న రంధ్రం ఉంది, లోపల కదలిక లేదు. ఆరు వందలకు మూడు వందల నలభై రెండు. నూటికి యాభై ఏడు.

పదిన్నరకు యజమాని మేడ్చల్ నుంచి ఆటో ట్రాలీలో వచ్చాడు. షెడ్డులో ఉంచిన ఆరు వందల గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను అట్టపెట్టెల్లో పెట్టి తెచ్చాడు. పెట్టెకు యాభై. దించుతూనే మాట్లాడుతున్నాడు. "అయిదు వందల పందొమ్మిది. అవే గుడ్లు, అదే మిషిన్. ఒక్క పెట్టె తెరిచి చూడమను. అయిదు వందల పందొమ్మిది, నువ్వు చెప్పు ఆయనకు." యజమానికి ఉర్దూ నాకంటే బాగా వచ్చు. ఆ సంగతి ఆ క్షణాన మరిచిపోయాడు.

అతిథి ఒక పెట్టె తెరిచాడు. ఒక పిల్లను తీసి, బొడ్డు దగ్గర ఎండిందో లేదో చూసి, కాళ్లు చూసి, మళ్లీ పెట్టాడు. మంచి పిల్లలన్నాడు. నోటుబుక్కు తెరిచి, యాభై ఏడు అన్న అంకె మీద వేలు పెట్టాడు.

"నేను మిమ్మల్ని నమ్ముతున్నాను," అన్నాడు. "తప్పు యంత్రానిది కాదనీ తెలుసు. కానీ నేను చూసింది ఒకటే. మా భాగస్వాములు ముగ్గురు. వాళ్లు నన్ను అడిగేది నువ్వు నీ కళ్లతో ఎంత చూశావని. ఈ పెట్టెలు ఏ హేచరీ నుంచైనా రావచ్చు కదా అంటారు. చూడనిది నేనెలా రాయను?"

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ రాయను.

వెళ్లేముందు ఆయనే ఒక దారి చెప్పాడు. ఊరు పేరు సరిగ్గా ఉన్న కొత్త ఉత్తరం పంపితే మళ్లీ దరఖాస్తు పెడతానన్నాడు. ఈసారి మా షెడ్డులోనే, మా కరెంటు మీదే చూస్తానన్నాడు. యజమాని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కూల్‌డ్రింకుల కేసు మేడ్చల్‌లోనే ఉండిపోయిందని అప్పుడు గుర్తుకొచ్చి, ఫిట్టరు చాయ్ తెచ్చాడు. అతిథి ఈసారి నక్కో అనలేదు.

కొత్త ఉత్తరం రాయడానికి నాకు ఒక రోజంతా పట్టింది. ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, దేశం, దగ్గరి పోలీసు స్టేషను. నగరం నుంచి వచ్చే దారిని రెండు రకాలుగా రాసి, కంటోన్మెంటు తగలని చుట్టుదారి గీసి పటం జతచేశాను. హైదరాబాద్ అన్న మాట ఎక్కడా లేకుండా చూశాను. పది రోజుల తర్వాత ఆయన ఫోన్ చేసి దరఖాస్తు పెట్టానన్నాడు. ఎప్పుడు వీసా వస్తుందో తెలియదు కాబట్టి, ఆయన ఎప్పుడు వచ్చినా చూపించడానికి వీలుగా యజమాని యంత్రం ఆపనివ్వలేదు. ఒక విడత పిల్లలు దిగగానే ఇంకో విడత గుడ్లు పెట్టేవాళ్లం. పిల్లలను అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేవాళ్లం. అడిగేవాళ్లు తగ్గాక దేవరయాంజాల్ సంతలో వదిలేసి వచ్చేవాళ్లం. ప్రతి విడతా లెక్కపెట్టి రాశాను. నూటికి ఎనభై నాలుగు కంటే ఎప్పుడూ తగ్గలేదు.

ఫోన్ చేస్తే ఆయన చెప్పేది ఒకటే మాట. ఇంకా జవాబు రాలేదు. కాదన్నారా అంటే, కాదనలేదు. అవునన్నారా అంటే, అవుననీ అనలేదు. ఈలోగా పేపర్లలో వార్తలు వస్తూనే ఉన్నాయి. ఏడు దేశాల మంత్రులు ఏదో ఒక రాజధానిలో కలిసి ఫొటో దిగేవారు. కొన్నాళ్లు వాటిని కత్తిరించాను. తర్వాత యజమాని ఫైలు అడగడం మానేశాడు. నేనూ కత్తిరించడం మానేశాను.

ఉగాది పోయింది. పెద్దపటేల్ వానాకాలం దాకా ఆగాడు. అది ఆయన మంచితనమే. వెల్డర్లు ఇద్దరూ జీడిమెట్లలో చేరారు. ఫిట్టరు ఆదివారం చర్చి అయ్యాక వచ్చి, అడగకుండానే బేరింగులకు గ్రీజు పెట్టి వెళ్లేవాడు.

ఒకరోజు పెద్దపటేల్ కొలతల టేపు పట్టుకున్న ఇద్దరిని, ఒక బ్రోకర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. తమ్ముడి పక్కన కూర్చుని చాలాసేపు వేరే విషయాలు మాట్లాడాడు. తర్వాత కాగితం ముందు పెట్టాడు.

"తమ్మీ, నేను నీ మీద కోపంతోని చేస్తలేను."

"ఎర్కనే అన్న."

"ఆ కరాచీ ఆయన మంచోడే ఉండొచ్చు."

"మంచోడే. అండ్ల తప్పేం లేదు."

"మరి?"

"గా పెన్ను ఇటియ్యి," అన్నాడు యజమాని.

అప్పుడు యంత్రంలో తొమ్మిదో రోజు గుడ్లున్నాయి. పన్నెండు రోజులు ఆగి పిల్లలు దిగాకే కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టాను. మీటరు విప్పడానికి మనిషి నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. పెద్ద యంత్రాన్ని పాత ఇనుము కింద ముక్కలు చేసి తీసుకుపోయారు. కరాచీకి ఫోన్ చేసి ఇక దరఖాస్తు వెనక్కి తీసుకొమ్మని చెప్పాను. తీసుకోవడానికి కూడా ఇస్లామాబాద్ వెళ్లాలని, అది అలాగే ఉండనివ్వమని ఆయన అన్నాడు.

దరఖాస్తు పెట్టిన రోజే మొదటి విడత గుడ్లు పెట్టాం. ఆ రోజు నుంచి మీటరు విప్పిన రోజు వరకు పది విడతలు, నాలుగు రోజులు. జవాబు కోసం యంత్రం నడిచింది మొత్తం రెండు వందల పద్నాలుగు రోజులు.